వాక్యం చెప్పే అక్కల గొంతు నిలవాలంటే

శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో రెండు మూడు గృహకూడికలు. దేవరకొండ, అచ్చంపేట వైపు చిన్న క్రైస్తవ సంఘాల్లో వాక్యం (బైబిలు బోధ) చెప్పేదీ, పాటెత్తేదీ, చివర్లో ఒక్కొక్కరి కోసం ప్రార్థించేదీ చాలాసార్లు ఒక్క మనిషే. సోమవారం గొంతు బొంగురుపోయాక మిరియాల కషాయం కాచుకుంటారు గానీ, చెడింది మైకు దగ్గరే.

గొంతులో మాట పుట్టించే స్వరతంత్రులు ఆడవాళ్లలో పొట్టివి. మామూలు మాటలోనే సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. మగవాళ్లవి 110–120 సార్లు. అరిస్తే దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే తంత్రులకు రెండువైపులా బుడిపెలు లేస్తాయి. డాక్టర్లు నాడ్యూల్స్ అనేవి ఇవే.

రేకుల షెడ్డులో ఫ్యాన్లు, బయట జనరేటర్. చప్పుడు పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే గొంతు లేస్తుంది. జనరేటర్‌ను దూరం పెట్టించండి. మైకు నోటికి మూడు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. బాక్సులన్నీ జనం వైపే ఉంటే మీ మాట మీకు వినపడదు, అందుకే అరుస్తారు. చిన్న బాక్సు ఒకటి మీ వైపు తిప్పించుకోండి; అది మైకు వెనక ఉండాలి, లేకపోతే కూత పెడుతుంది. ఎకో బాగా తగ్గించమనండి. సౌండువాళ్లకు ఎకో మీద మోజు, మాటలు కలిసిపోతే బలం పెట్టాల్సింది మాత్రం మీరు.

వాక్యం మధ్యలో తాగే నీళ్ల గుటక అన్నవాహికలోకి పోతుంది, తంత్రులను తాకదు. ఒంట్లోంచి వాటికి తడి చేరడానికి టైం పడుతుంది కాబట్టి పొద్దున్నుంచే కొద్దికొద్దిగా తాగాలి. మే ఎండల్లో నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఉంటే, ఆ రోజు వాక్యం ఇంకొకరికి అప్పగించడం మంచిది. ఆవిరి పడితే ఉత్త నీళ్లతోనే, 5–10 నిమిషాలు. బామ్ వేస్తే చల్లగా అనిపించి నొప్పి తెలియదు, ఆ ధీమాతో మళ్లీ అరుస్తాం.

సభకు ముందూ తర్వాతా 3–5 నిమిషాలు స్ట్రా పట్టండి. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొనను రెండు వేళ్ల మందం ముంచి, పెదాలు మూసి "ఊ" అంటూ బుడగలు రానివ్వండి. కింది స్వరం నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారండి. గొంతు బిగిస్తే బలం ఎక్కువైనట్టే.

గొంతు పోయినప్పుడు గుసగుస వద్దు, చాలామందికి అది ఇంకా శ్రమ. మాటిమాటికి ఖళ్లుమని సవరించుకోకుండా గుటక వేయండి. సభ అయ్యాక రాత్రి కారం కూరతో నిండుగా తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులు తంత్రుల దాకా వస్తాయి; రెండు మూడు గంటలు ఆగాలి.

బొంగురు రెండు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించుకోండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో ఆ విభాగం ఉంది. గొంతులోకి కెమెరా పెట్టి చూడమని అడగండి. నాడ్యూల్స్ ఎక్కువగా ఆపరేషన్ లేకుండా, స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి. అరుస్తుండగా గొంతు ఉన్నట్టుండి పోతే తంత్రిలో రక్తం చిమ్మి ఉండొచ్చు: అప్పటికప్పుడే మాట ఆపేయాలి, నొప్పికని ఆస్పిరిన్ వేసుకోవద్దు, మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్లెలో రక్తం పడినా మర్నాటి దాకా కూడా ఆగొద్దు.