ఇంటి యజమానులకు అద్దె ఒప్పంద పాఠాలు - మూడవ పాఠం: షరతు తప్పిన అద్దెదారుకు మొదటి నోటీసు

గత పాఠంలో ఒప్పందంలోని షరతులను ఎలా రాసుకోవాలో చూశాం. వాటిలో ఒకటి తప్పినప్పుడు అద్దెదారుకు ఏమి రాయాలో, దానిని ఎలా చేర్చాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. బెంగళూరులో 'లీజు' అంటే చాలామందికి ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించి నెలవారీ అద్దె లేకుండా ఉండే పద్ధతి గుర్తుకు వస్తుంది. ఈ పాఠాలు మాత్రం అడ్వాన్సు ఇచ్చి నెలనెలా అద్దె కట్టే ఇళ్లకు సంబంధించినవి.

ముందుగా ఏ చట్టం కింద ఉన్నామో తెలుసుకోవాలి. 1999 నాటి కర్ణాటక అద్దె చట్టం బెంగళూరు నగరంలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల ఇళ్లకు వర్తించదు. కనుక మారతహళ్లిలోనో, కృష్ణరాజపురంలోనో ఇల్లు అద్దెకు ఇచ్చిన మన తెలుగువారిలో దాదాపు అందరూ చూసుకోవలసింది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టాన్నే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నివాసానికని 11 నెలల ఒప్పందంపై ఇచ్చిన మొదటి అంతస్తులో అద్దెదారు బయటివారికి అమ్మే భోజనాలు వండిస్తున్నారు. మెట్ల కింద వాణిజ్య గ్యాస్ సిలిండర్లు పేర్చి ఉన్నాయి. పై అంతస్తులో పిల్లలున్న కుటుంబం నివసిస్తున్నప్పుడు యజమానికి భయమూ కోపమూ కలగడం సహజమే. అయినా నోటీసులో ఆ రెండింటికీ చోటు ఉండకూడదు. 'మీరు నమ్మకద్రోహం చేశారు', 'మీ పద్ధతి బాగాలేదు' వంటి వాక్యాలు ఏ షరతు తప్పిందో చెప్పవు; అవతలివారు వాటికి సమాధానం చెప్పలేరు, న్యాయమూర్తి వాటిని తూచలేరు. ఆ చట్టంలోని 114ఎ సెక్షన్ కూడా, ఇలాంటి ఉల్లంఘన కారణంగా ఇల్లు ఖాళీ చేయించే దావా వేసే ముందు, ఏ ఉల్లంఘన జరిగిందో నిర్దిష్టంగా పేర్కొని, సరిదిద్దడానికి వీలైనదైతే సరిదిద్దమని రాతపూర్వకంగా కోరి, అందుకు తగినంత గడువు ఇవ్వాలని చెబుతుంది. అద్దె బకాయికి, యజమాని అనుమతి లేకుండా ఇల్లు మరొకరికి ఇవ్వడానికి ఈ సెక్షన్ వర్తించదు. వాటి సంగతి తరువాతి పాఠాల్లో వస్తుంది.

కలం పట్టే ముందు తేదీ కనిపించే ఫోటోలు తీసి పెట్టుకోండి. ఒప్పందంలో ఆ షరతు ఎన్నోదో చూసుకోండి. ఆ తరువాత ఇలా రాయవచ్చు:

"ఈ ఏడాది ఏప్రిల్ 1న మన మధ్య కుదిరిన ఒప్పందంలోని 7వ షరతు ప్రకారం ఇంటిని నివాసానికి మాత్రమే వాడవలసి ఉన్నది. జూన్ 3, 10 తేదీల్లో ఆ ఇంట్లో అమ్మకానికి భోజనాలు వండడమూ, మెట్ల కింద నాలుగు వాణిజ్య గ్యాస్ సిలిండర్లు ఉంచడమూ నేను స్వయంగా చూశాను. ఇది 7వ షరతుకు విరుద్ధం. ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా ఆ వ్యాపారాన్ని ఆపి, సిలిండర్లను తొలగించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అలా జరగనిపక్షంలో 12వ షరతు మేరకు ఒప్పందాన్ని రద్దు చేసి, ఇంటి స్వాధీనానికి న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాను."

ఇందులో 12వ షరతు అని పేర్కొన్నది, ఉల్లంఘన జరిగితే యజమాని ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చని చెప్పే షరతు. గడువు నడుస్తున్న ఒప్పందాన్ని 111(జి) సెక్షన్ కింద మధ్యలో రద్దు చేయాలంటే అటువంటి షరతు ఒప్పందంలో రాసి ఉండాలి. అందుకే గత పాఠంలో దాని మీద అంతసేపు ఆగాం. 11 నెలలు ముగిసినా మీరు అద్దె తీసుకుంటూ ఉంటే దానిని సాధారణంగా నెలవారీ అద్దెగా పరిగణిస్తారు. అప్పుడు ఉల్లంఘనను నిరూపించవలసిన పని లేకుండా, 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో అద్దెను ముగించవచ్చు. ఆ 15 రోజులూ నోటీసు అందిన నాటి నుంచి లెక్కకు వస్తాయి. ఇంత దగ్గరి దారి ఉన్నా, సమస్య సరిదిద్దదగినదైతే పైన చూపిన నోటీసునే ముందు పంపమని నా సలహా. మంచి అద్దెదారులు ఆ ఒక్క కాగితంతోనే దారికి రావడం నేను చూశాను.

నోటీసు మీద సంతకం చేసి, ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకొని, మరొకటి తపాలాలో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు కనుక స్పీడ్ పోస్టులో పంపి, రసీదునూ చేరినట్లు చూపే వివరాలనూ ఒప్పందంతో కలిపి భద్రపరచండి. వాట్సాప్‌లో కూడా పంపవచ్చు గాని దానినే నమ్ముకోకూడదు. అద్దెదారుకు తెలుగు రాకపోతే కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాయించండి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు అద్దె దగ్గర జరుగుతుంది. ఒప్పందాన్ని రద్దు చేస్తూ నోటీసు ఇచ్చిన తరువాత, దావా వేయకముందే, ఆపై నెలల అద్దెను మామూలుగా తీసుకుంటే, ఆ రద్దును మీరే వదులుకున్నారని 112వ సెక్షన్ చూపి అవతలివారు వాదించగలరు. ఆ దశలో వచ్చిన సొమ్మును తిప్పి పంపాలా, ఇంటి వాడకానికి పరిహారంగా మాత్రమే జమ చేసుకుంటున్నామని రాసి తీసుకోవాలా అన్నది న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోండి.

గడువు దాటినా సరే, నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, తాళం మార్చడం చేయవద్దు. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ కింద అద్దెదారు ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. అప్పుడు మీ నోటీసులోని న్యాయం ఎంత బలమైనదైనా వెనక్కి పోతుంది.

అభ్యాసం: అద్దెదారు అనుమతి లేకుండా గది గోడను పగలగొట్టి కొత్త తలుపు పెట్టారనుకోండి. పై నమూనాను చూడకుండా, తేదీ, షరతు సంఖ్య, చూసిన సంగతి, సరిదిద్దవలసిన పని, గడువు, ఈ అయిదూ ఉండేలా ఆరు వాక్యాల్లో నోటీసు రాయండి. రాసిన తరువాత అద్దెదారు స్వభావాన్ని గురించి చెప్పే మాట ఒక్కటి ఉన్నా కొట్టివేయండి. వచ్చే పాఠంలో అద్దె బకాయిపై పంపే నోటీసును తీసుకుందాం.