పడినా మళ్లీ వేసుకోగలిగే రంగు: నా ట్రాక్ బండి ఎర్ర బస్సు అయిన వైనం

మొదటిసారి నా ట్రాక్ బండికి, అంటే రేసు ట్రాక్ మీదే నడిపే బైకుకు, రంగు వేయించినప్పుడు కుడివైపు ఫెయిరింగ్ (బండిని కప్పే పక్క తొడుగు) మీద మా నాన్న బొమ్మ గీయించాను. ఎయిర్‌బ్రష్‌తో, ఖాకీ చొక్కా, మీసాలతో సహా. దానికే పదకొండు వేలు అయింది. రెండో ట్రాక్ డేలోనే (మనలాంటివాళ్లు సొంత బండి తెచ్చి ట్రాక్ మీద నడుపుకునే రోజు), చెన్నై దాటాక శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద, ఒక కుడి మలుపులో ముందు టైరు జారిపోయింది. నాకేం కాలేదు. బండి మాత్రం రాసుకుంటూ చాలా దూరం పోయింది. ఫొటో పంపిస్తే నాన్న ఫోన్ చేసి, "ఏం బిడ్డా, నన్ను తీస్కపోయి రోడ్డుకు రుద్దినవా?" అన్నాడు.

ఆ రోజు నుంచి రంగు గురించి ఎవరు అడిగినా ముందు ఒకటే చెబుతున్నా. ట్రాక్ బండి ఈ రోజు కాకపోతే రేపు పడుతుంది. పడ్డాక నెల తిరక్కుండా, అదే ఖర్చులో, అచ్చం అలాగే మళ్లీ వేయించగలరా? వేయించలేకపోతే ఆ డిజైన్ ఎంత బాగున్నా వదిలేయండి. బొమ్మ గీసిన ఆర్టిస్టు ఆర్నెల్ల తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. రెండు రంగులు, ఒక గీత, ఒక నంబరు అయితే ఏ పెయింటరైనా వేస్తాడు.

మరి అంత తక్కువలో అర్థం ఎలా ఇముడుతుంది? మీరు చేత్తో ముట్టుకున్న వస్తువు ఒకటి తీసుకోండి. ఇంటర్నెట్లో నచ్చిన డిజైన్లు ఏరి పెట్టుకుంటే అవన్నీ ఎవరో ఒకరి జ్ఞాపకాలే. మా నాన్న మిర్యాలగూడ డిపోలో ఇరవై ఏడేళ్లు బస్సు నడిపాడు. నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు "ఎర్ర బస్సెక్కి వచ్చావా?" అని నవ్వినవాళ్లున్నారు. అవును, ఎక్కే వచ్చాను, అదీ పాసు మీద. కాబట్టి నా కేటీఎం ఆర్‌సీ 390 బైకు ఎర్ర బస్సు కావాలనుకున్నా.

వస్తువు దొరికాక దాన్ని విడదీయండి. బస్సులో నాకు గుర్తున్నవి ఒంటి నిండా ఎరుపు, ముందు అద్దం కింద పసుపు మీద నల్లక్షరాల రేకు బోర్డు, నంబరు ప్లేటు మీద ఆర్టీసీ బస్సులకే ఇచ్చే జెడ్ అక్షరం. ఈ మూడు చాలు. ఖాకీ కూడా సీటు మీద పెడదామనుకున్నా కానీ, నాలుగోది చేరిస్తే అది బండిలా కాక స్కూలు ఫ్యాన్సీ డ్రెస్‌లా ఉంటుందని మానేశా. కవాసకీ వాళ్లు 1960ల చివర్లో రేసు బండ్లకు నిమ్మపచ్చ వేయడం మొదలుపెట్టినప్పుడు, రేసుల్లో ఆకుపచ్చ అచ్చిరాదనే నమ్మకం ఉండేది. అదే ఒక్క రంగును పట్టుకుని ఇన్నేళ్లు వదల్లేదు. ఇప్పుడు ఎంత దూరం నుంచి చూసినా ఆ కంపెనీ ఏదో తెలిసిపోతుంది.

నంబరుకు నేనైతే రంగు కంటే ఎక్కువ ఆలోచించమంటా. బైకు రేసుల చాంపియన్ వాలెంటినో రోస్సీ 46 నంబరు వాళ్ల నాన్న గ్రాజియానో రేసుల్లో వాడిందే. నాది 73, నాన్న డ్రైవర్ బ్యాడ్జి చివరి రెండంకెలు. పాత గ్రాండ్‌ప్రీ బైకు రేసుల్లో ఇంజను సీసీల క్లాసును బట్టి నంబరు పలక రంగు ఉండేది: 125కి నలుపు మీద తెలుపు, 250కి ఆకుపచ్చ మీద తెలుపు, 350కి నీలం మీద తెలుపు, 500కి పసుపు మీద నలుపు. నా ఇంజను 373 సీసీ, అంటే ఆ లెక్కన 500 క్లాసు. పసుపు మీద నలుపు! బస్సు బోర్డూ అదే. ఇలాంటి కలయిక దొరికినప్పుడు ఇక వెతకడం ఆపేయాలి. అంకెలు మాత్రం నిటారుగా, లావుగా, ముందొకటి, పక్కలకు రెండు. వంపుల అక్షరాలు ముచ్చటగా ఉంటాయి కానీ, మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ మార్షల్ వాటిని చదవలేడు. అసలు రేసులోకి దిగితే నిర్వాహకులు ఇచ్చే నంబరు వేసుకోవాల్సి రావచ్చు. అందుకే నంబరును పెయింటుతో కాక స్టిక్కరుతో పెట్టుకోండి.

ఎరుపుతో నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఫోన్లో ఉన్న ఫొటో చూపించి రంగు కలపమంటే ప్రతి షాపులో ఒక ఎరుపు వస్తుంది. బస్సుల రంగులు కూడా ఇప్పుడు మారిపోయాయి కాబట్టి కొలత నాన్న కళ్లే. షేడ్ కార్డు పట్టుకుని పొద్దున పది గంటలకు డాబా మీద కూర్చున్నాం. ట్యూబ్‌లైట్ కింద ఎప్పుడూ రంగు ఎంచకండి. నేను ఆర్‌ఏఎల్ 3020 చూపించా (ఆర్‌ఏఎల్ అంటే ఒక్కో రంగుకు ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి). "ఇది లిప్‌స్టిక్ రంగు బిడ్డా, బస్సుకెవరేస్తరు?" అని కార్డు తిప్పి, కొంచెం ముదురుగా ఉన్న 3002 మీద వేలు పెట్టాడు. కోడ్ ఉన్న రంగు ఎంచుకోవడంలో లాభమేమిటంటే, పడ్డాక మళ్లీ అదే దొరుకుతుంది. ఫ్లోరెసెంట్ రంగులైతే ఎండకు త్వరగా వెలిసిపోతాయి, కొత్త ముక్క పాతదానితో కలవదు.

ఇంకో చిక్కు, ఎరుపు కిందిదాన్ని సరిగా కప్పదు. బూడిద రంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) మీద ఒకలా, తెల్లదాని మీద ఒకలా కనిపిస్తుంది. మొదటిసారి పెయింటర్ ట్యాంకుకు ఒక ప్రైమర్, ఫెయిరింగ్‌కు ఇంకోటి వాడాడు. ఎండలోకి తెచ్చి చూస్తే రెండు వేర్వేరు బండ్ల ముక్కల్లా ఉన్నాయి. అన్ని ముక్కలూ ఒకే రోజు, ఒకే ప్రైమర్‌తో వేయించండి. ముందు ఒక రేకు ముక్క మీద వేయించి చూసుకోండి.

ఫైబర్ ఫెయిరింగ్ కొత్తగా వచ్చినప్పుడు సూదిమొన బెజ్జాలుంటాయి. పుట్టీ పెట్టి 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, ఆ తర్వాతే ప్రైమర్. పైన టూ-కే క్లియర్ కోటు, అంటే గట్టిపరిచే మందు కలిపి కొట్టే పారదర్శక పైపూత, వేయించండి. స్ప్రే డబ్బా క్లియర్ అయితే ట్యాంకు మూత దగ్గర పెట్రోలు ఒలికిన మొదటి రోజే మెత్తబడుతుంది. ఆ టూ-కే ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంటి వరండాలో ప్రయోగం చేయకుండా పెయింట్ బూత్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. స్టిక్కర్లు మాత్రం క్లియర్ కోటు పైనే అతికించండి, కింద కాదు. హైదరాబాద్ పుత్లీబౌలిలో రేడియం కటింగ్ చేసేవాళ్ల దగ్గర రెండు సెట్లు ఒకేసారి కోయించుకుని ఒకటి దాచుకోండి.

ఏది ఎక్కడ ఉండాలన్నది పడటాన్ని బట్టే. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గడియారం తిరిగే వైపు తిరుగుతుంది, కుడి మలుపులు ఎక్కువ, కుడివైపే ఎక్కువ రాసుకుపోతుంది. అందుకే పక్కల కింద సగం ఉత్త ఎరుపు. మనసుకు దగ్గరిది ట్యాంకు పైభాగంలో గానీ, ముందు అద్దం వెనక మీకు మాత్రమే కనిపించే చోట గానీ పెట్టుకోండి. నా జెడ్ అక్షరం బండి తోక కింద చిన్నగా ఉంటుంది, వెనకబడ్డవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. అంటే పెద్దగా ఎవరికీ కనిపించదనుకోండి. ఇదే పని రోడ్డు మీద తిప్పే బండికి చేస్తే ఆర్సీలో రంగు మార్పు రాయించుకోవడం మర్చిపోవద్దు. నాది వ్యాన్‌లో ఎక్కి వెళ్లే బండి కాబట్టి ఆ గొడవ లేదు.

బండి తయారయ్యాక నాన్నను షెడ్డుకు తీసుకెళ్లా. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేత్తో ట్యాంకు తడిమి, ముందు పసుపు పలక దగ్గర ఆగాడు. "73 సరే. ఏ ఊరికి పోతది ఈ బస్సు? బోర్డు మీద ఊరి పేరు లేకుంటే ఎవరెక్కుతరు?" అన్నాడు. మర్నాడే ఇంకో స్టిక్కర్ కోయించా. నంబరు కింద, వేలెడంత ఎత్తున, మిర్యాలగూడ.