పరిశోధనను మన అంగన్‌వాడీ పనిలోకి తెచ్చుకోవడం ఎలా?

ట్రైనింగ్‌లో ఎవరైనా 'పరిశోధనల ప్రకారం' అనగానే చాలామంది టీచర్లు రాసుకోవడం ఆపేస్తారు. కొన్ని అంగన్‌వాడీలు కలిసిన సెక్టార్‌కు సూపర్‌వైజర్‌గా నేను గమనించిన విషయమిది. వాళ్లను తప్పుపట్టను, ఎందుకంటే ఆ పరిశోధన ఎవరు చేశారో, ఏ పిల్లల మీద చేశారో వాళ్లకు ఎవరూ చెప్పరు. కానీ పరిశోధన అందరికంటే మనకే ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం. మూడేళ్ల పిల్లకు ఇవాళ మనం చెప్పిన కథ ఏం పని చేసిందో తెలిసేసరికి ఆ పిల్ల రెండో తరగతిలో ఉంటుంది. అంతకాలం పిల్లల వెంట ఉండి చూసే వీలు మనకు లేదు. పరిశోధకులు ఆ పని చేస్తారు.

ముందు మీ ప్రశ్న రాసుకోండి. దాని కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. "టీచరమ్మా, పక్కింటి పిల్ల నర్సరీల ఏబీసీడీలు రాస్తుంది, మా పాప ఇంకా ఆడుతనే ఉంది" అని ఏ తల్లీ అనని సెంటర్ ఉండదు. నాలుగేళ్లకే రాయిస్తే తర్వాత చదువు బాగా వస్తుందా? ఇదే ప్రశ్న. 'పిల్లల వికాసం ఎలా జరుగుతుంది' లాంటి పెద్ద ప్రశ్నలతో మొదలుపెట్టకండి, వాటి జవాబుతో రేపు సెంటర్‌లో చేయగలిగేది ఏమీ ఉండదు.

తర్వాత మన పిల్లల లాంటి పిల్లల మీద జరిగిన అధ్యయనం వెతకండి. పైన చెప్పిన ప్రశ్నకు ఒకటుంది. పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ సెంటర్, ఢిల్లీలోని అంబేద్కర్ యూనివర్సిటీ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాం రాష్ట్రాల్లో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా గమనించాయి. నివేదిక 2017లో వచ్చింది. చాలామంది పిల్లలు తగిన సంసిద్ధత లేకుండానే ఒకటో తరగతికి వెళ్తున్నారని తేలింది. ప్రైవేటు ప్రీస్కూళ్లలో ఆట తక్కువ, రాత, లెక్కలు ఎక్కువ అని కూడా. పలక పట్టించినంత మాత్రాన పిల్ల బడికి సిద్ధమైనట్టు కాదని తల్లులతో చెప్పడానికి నేను దీన్నే వాడతాను.

ఏ అధ్యయనం చేతికొచ్చినా నాలుగు విషయాలు చూడండి: పిల్లలు ఎవరు, ఎంతమంది, ఎవరితో పోల్చారు, ఎంతకాలం చూశారు. వీటిలో మూడోది అసలైనది. తమిళనాడులో 640 అంగన్‌వాడీల్లో ఒక అధ్యయనం జరిగింది. వాటిలో సగం సెంటర్లకు, ప్రీస్కూల్ చెప్పడానికి సగం రోజు పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చారు. ఏ సెంటర్లకు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఎందుకలా? చురుకైన టీచర్లున్న సెంటర్లనే ఎంచుకుంటే, పిల్లలు బాగా నేర్చుకున్నది ఆ టీచర్ వల్లా, కొత్తగా వచ్చిన మనిషి వల్లా అన్నది ఎప్పటికీ తేలదు. లాటరీలో మంచి సెంటర్లూ, అంతంత మాత్రం సెంటర్లూ రెండు వైపులా కలిసిపోతాయి. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మనిషిని ఇచ్చిన చోట ప్రీస్కూల్ సమయం రెట్టింపయింది, భాషలోనూ లెక్కల్లోనూ పిల్లలు ముందున్నారు. పోషణ పనులకు పాత టీచర్‌కు తీరిక దొరకడంతో పోషకాహార లోపం కూడా తగ్గింది. పని భారం గురించి మనం ఏళ్ల తరబడి చెబుతున్న మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తెలీదు. పైఅధికారులతో మాట్లాడేటప్పుడు ఇది దగ్గర పెట్టుకోండి.

అనుకున్నట్టు రాని ఫలితాలను కూడా వదలకండి. నాకు ఎక్కువ నేర్పినవి అవే. ఢిల్లీలో 214 ప్రీస్కూళ్లలో 1,500 మందికి పైగా పిల్లలతో జరిగిన అధ్యయనం 2017లో అచ్చయింది. కొందరితో సంఖ్యల ఆటలు ఆడించారు: ఏ గుంపులో ఎక్కువున్నాయి, ఏ బొమ్మ ఆకారం వేరుగా ఉంది అన్నట్టు. ఆ నేర్పు ఏడాది దాటాక కూడా పిల్లల్లో నిలిచింది. కానీ ఒకటో తరగతిలో అంకెలతో చేసే లెక్కల్లో వాళ్లేమీ ముందు లేరు. అందుకని ఆట మానేయాలా? వద్దు. చింతగింజల ఆటలో 'అయిదు' అని పైకి అనిపించండి, పక్కనే 5 ఉన్న కార్డు పెట్టించండి. ఇది ఆ అధ్యయనం చెప్పిన మాట కాదు, దాన్ని చదివాక నేను తీసుకున్న నిర్ణయం. ఈ రెండింటినీ కలిపేయకుండా విడివిడిగా రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక మీ సెంటర్‌లోనే చిన్న పరిశీలన మొదలుపెట్టండి. కథ చెప్పేటప్పుడు ఆయమ్మను పక్కన కూర్చోబెట్టి, పిల్లల పేర్లున్న కాగితం ఇవ్వండి. ఎవరు నోరు విప్పితే వాళ్ల పేరు ఎదురుగా ఒక గీత. వారం పాటు ఇలా చేస్తే, గీతలన్నీ ఎప్పుడూ ముందు కూర్చునే కొద్దిమంది దగ్గరే కనిపించడం మామూలే. గీతల్లేని పిల్లలను మిగతా సమయంలో చూడండి. మా సెక్టార్‌లో ఒక పాప కథలో ఒక్క మాట మాట్లాడేది కాదు. గుడ్లు పంచేటప్పుడు మాత్రం "ఇంక రెండు తక్కువున్నయ్ టీచర్" అని లెక్క చెప్పేది. ఆ మాటను టీచర్ తేదీ వేసి ఉన్నదున్నట్టు రాసింది. 'పాప తెలివైనది' అని రాసి ఉంటే ఆర్నెల్ల తర్వాత చూసుకున్నా ఏమీ తెలిసేది కాదు.

తర్వాత ఒక్కటి మార్చండి. పెద్ద వలయం బదులు అయిదుగురేసి పిల్లలతో కథ చెప్పి, మళ్లీ వారం గీతలు పెట్టించండి. అదే సమయం, అదే ఆయమ్మ, కథలు కూడా అంతే పొడవున్నవి. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. పిల్లల పేర్లున్న ఆ కాగితాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అది మీకూ ఆ పిల్లల తల్లులకూ మధ్య ఉండాల్సింది.

రెండు వారాల కాగితాలూ పేర్లు కనపడకుండా మడిచి సెక్టార్ మీటింగ్‌కు తీసుకురండి, పది నిమిషాలు అడిగి తీసుకోండి. ఇంకో ఇద్దరు టీచర్లు తమ సెంటర్లలో ఇదే చేసి చూస్తామంటే, అప్పుడు పోల్చుకోవడానికి మీకు మూడు సెంటర్లుంటాయి.