ప్రభుత్వాసుపత్రిలో వాలంటీర్‌గా సాయం చేయాలంటే ఎలా?

ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి ఏ ఓపీ రోజైనా పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి చూడండి. తెల్లవారుజామునే ఊళ్ళో బస్సెక్కి వచ్చినవాళ్ళు, చేతిలో చీటీ పట్టుకుని, అది ఏ గదికో తెలియక, ఎవరినైనా అడగాలంటే మొహమాటపడుతూ వరండాల్లో తిరుగుతుంటారు. వాళ్ళను వెంటబెట్టుకుని తీసుకెళ్ళే తీరిక డాక్టర్లకు, సిస్టర్లకు ఉండదు, వాళ్ళ ముందున్న క్యూ చూస్తే ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు. వైద్యం గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా అక్కడ నిలబడి ఎంతో పని చేయొచ్చు. ఎలా మొదలుపెట్టాలో చెప్తాను.

ముందు వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి

బోధనాసుపత్రుల్లో (మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉండేవి) ప్రతి విభాగంలోనూ యూనిట్లు, అంటే డాక్టర్ల జట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో ఫలానా రోజులే ఓపీ. రివ్యూకి రమ్మన్న పేషెంట్‌ని కూడా అదే యూనిట్ ఓపీ రోజున రమ్మంటారు. అందుకే మీరు ప్రతి మంగళవారం వెళ్తే అదే డాక్టర్లు, అదే సిస్టర్లు, చాలాసార్లు అదే పేషెంట్లు కనిపిస్తారు, రెండు నెలలు తిరిగేసరికి వాళ్ళకు మీరు, మీకు వాళ్ళు అలవాటైపోతారు. వీలున్నప్పుడల్లా ఏదో ఒక రోజు వెళ్ళొస్తే ఈ లాభం ఉండదు. పొద్దున ఓపీ మొదలవడానికి కాస్త ముందు నుంచి మధ్యాహ్నం దాకా, వారానికి ఒక్క పూట చాలు. నెల రోజులు రోజూ వెళ్ళి తర్వాత మాయమైపోయే మనిషి కన్నా, ఏడాదంతా వారానికో పూట వచ్చే మనిషే ఆసుపత్రికి పనికొస్తారని నా గట్టి నమ్మకం.

అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు

సూపరింటెండెంట్ పేరు మీద ఒక పేజీ దరఖాస్తు రాయండి. ఎంతమంది వస్తారు, ఏ రోజు, ఏ వేళ, ఏ పని చేస్తారు, ఏ పని ముట్టుకోరు అనేవి స్పష్టంగా ఉండాలి. ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు జతచేయండి. రోజువారీ వ్యవహారం ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) చూస్తారు కాబట్టి ఆయన్నో ఆవిడనో విడిగా కలిసి, సెక్యూరిటీ వాళ్ళకు కూడా మీ గురించి చెప్పించండి, లేకపోతే మొదటి రోజే గేటు దగ్గర ఆగిపోతారు. మెడలో ఫోటో ఉన్న కార్డు తప్పనిసరి. తెల్లకోటు మాత్రం ఎవరిచ్చినా వేసుకోవద్దు, అది చూసి జనం మిమ్మల్ని డాక్టర్ అనుకుని మందుల గురించి అడుగుతారు. నలుగురైదుగురు చేరితే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

మీ ఆరోగ్యం సంగతి

హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఛాతీ విభాగం వైపు వెళ్తే మాస్కు ఉండాల్సిందే. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు చేతులు కడుక్కోండి, పేషెంట్‌ని ముట్టుకునే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. నేల మీద సూది కనిపిస్తే తీయకండి, సిబ్బందిని పిలవండి. చెత్తడబ్బాల రంగులు కూడా తెలుసుకోవాలి, 2016 నాటి నిబంధనల ప్రకారం రక్తమంటిన దూది పసుపులో, సెలైన్ గొట్టాలు ఎరుపులో, సూదులు తెల్లదాంట్లో, గాజు సీసాలు నీలంలో. మీకు జలుబో జ్వరమో ఉన్న రోజు ఇంట్లోనే ఉండిపోండి.

మొదటి పూటంతా నడవండి

ఇది ఎవరూ చేయరు, కానీ నా దృష్టిలో అసలు పని ఇదే. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆసుపత్రి అంతా తిరగండి. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే వీలుందా, రక్తపరీక్షకు శాంపిల్ ఎన్ని గంటల దాకా తీసుకుంటారు, రిపోర్టు ఏ కిటికీ దగ్గర ఇస్తారు, స్కానింగ్‌కి తేదీ ఎవరు రాస్తారు, ఏ లిఫ్టు పనిచేస్తోంది, తాగే నీళ్ళు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ (ఆడవాళ్ళు ముందు అడిగేది ఇదే, మగ వాలంటీర్‌ని అడగలేక ఇబ్బందిపడతారు కాబట్టి జట్టులో ఆడవాళ్ళు తప్పక ఉండాలి), బ్లడ్ బ్యాంక్, మందుల కౌంటర్, చవగ్గా భోజనం దొరికే చోటు, అన్నీ రాసుకోండి. శాంపిల్ వేళ ఒక్కటి తెలిసినా ఎంత తేడానో చూడండి. పరగడుపున చేయాల్సిన పరీక్ష రాయించుకున్న పెద్దాయన ముందు టిఫిన్ తినేస్తే, ఆ పరీక్ష మర్నాటికి పోతుంది, ఆయన రాత్రంతా ఆసుపత్రి ఆవరణలోనే పడుకోవాల్సి వస్తుంది. కౌంటర్లు, గదులు మారుతూ ఉంటాయి, నెలకోసారి మళ్ళీ తిరిగి నోట్‌బుక్ సరిచేసుకోండి.

ఇక పని

క్యూ మొదట్లో కాకుండా, జనం ఆగిపోయి దిక్కులు చూసే చోట నిలబడండి. "ఏం కావాలి?" అని అధికారిలా అడగకుండా, "అమ్మా, చీటీ ఒకసారి చూపిస్తారా, ఏ గదికో చెప్తాను" అనండి. "పెద్దాయనా, మీతో ఎవరొచ్చారు?" అని తప్పకుండా అడగండి, ఒంటరిగా వచ్చినవాళ్ళకే మీ అవసరం ఎక్కువ.

చాలామంది కాగితాలన్నీ ఒకే క్యారీబ్యాగులో కుక్కుకుని వస్తారు. వాళ్ళను అడిగి, తేదీల వరసలో సర్ది, పైన కొత్త చీటీ పెట్టి ఇవ్వండి. డాక్టర్ దగ్గర దొరికేది రెండు మూడు నిమిషాలే, అందులో సగం కాగితాలు వెతకడానికి పోకూడదు. చదువు రానివాళ్ళకు మాత్రల సంగతి మీరు సొంతంగా చెప్పకండి, మందుల కౌంటర్ దగ్గరే ఫార్మసిస్టుని అడిగి, కవరు మీద పగటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలు వేయించండి.

ఆపరేషన్ అన్నారంటే ఆరోగ్యశ్రీ ప్రస్తావన వస్తుంది. 2007లో మొదలైన ఈ పథకానికి ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. ఆ పథకం కౌంటర్‌లో పేషెంట్లకు సాయం చేసే ఆరోగ్యమిత్ర ఉంటారు. ఆధార్, రేషన్ కార్డు తీసుకుని నేరుగా ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి, ఏ జబ్బుకి వర్తిస్తుందో ఆయనే చెప్పాలి, మీరు హామీ ఇవ్వొద్దు.

వీల్‌చైర్ తోసేటప్పుడు మనిషి ఎక్కేముందు బ్రేకు వేయాలి, కాళ్ళు పెట్టే పలకలు పైకి మడవాలి, ర్యాంపు దిగేటప్పుడు మీరు కింది వైపు, కుర్చీ పై వైపు ఉండేలా వెనక్కి నడుస్తూ దిగాలి. సెలైన్, ఆక్సిజన్ ఉన్నవాళ్ళను సిస్టర్ చెప్పకుండా కదిలించొద్దు.

రక్తం కావాలని వచ్చేవాళ్ళ కోసం దాతల జాబితా ముందే తయారుగా పెట్టుకోండి. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవుంటాయి, అందుకని డెంగీ రోజుల్లో అందరినీ ఒకేసారి పంపకుండా కొందరిని తర్వాతి రోజులకు ఉంచండి. గేటు బయట డబ్బులకు రక్తం ఇస్తామనేవాళ్ళ దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దు, 1998 నుంచి దేశంలో అది నిషిద్ధం.

వీటి జోలికి పోవద్దు

అన్నం, పండు, ఆఖరికి గుక్కెడు మంచినీళ్ళు కూడా సిస్టర్‌ని అడగకుండా వార్డులో పేషెంట్‌కి ఇవ్వకండి. ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉంచిన మనిషికి మీరు ప్రేమతో ఇచ్చిన అరటిపండు వల్ల మత్తు ఇచ్చేటప్పుడు ప్రాణం మీదికి రావొచ్చు. ఫోటోలు, వీడియోలు తీయొద్దు, పండ్లు పంచుతున్నప్పుడు కూడా. మంచం మీద ఉన్న మనిషి మీకు ప్రచారం చేసిపెట్టడానికి రాలేదు. ఎవరి జబ్బు గురించీ బయట మాట్లాడొద్దు. ఫలానా ప్రైవేటు ఆసుపత్రికి, ఫలానా మందుల షాపుకి వెళ్ళమని చెప్పొద్దు. డబ్బు ఇవ్వొద్దు, తీసుకోవద్దు. సిబ్బందిలో ఎవరైనా పేషెంట్ని డబ్బులడిగితే అక్కడే గొడవకు దిగకుండా, రోజు, వేళ, వార్డు రాసి ఆర్ఎంఓకి ఇవ్వండి.

ఎవరైనా చనిపోయినప్పుడు ఆ ఇంటివాళ్ళకు ఓదార్పు మాటల కన్నా ముందు కాగితాల్లో సాయం కావాలి. మరణ ధ్రువీకరణకు ఎవరి సంతకం కావాలి, మృతదేహాన్ని ఊరికి చేర్చే ప్రభుత్వ ఉచిత వాహనానికి ఏ నంబరుకి ఫోన్ చేయాలి అనేవి నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి. తెలియకపోతే ఆ సమయంలో బయట ప్రైవేటు బండివాడు అడిగినంతా ఇచ్చేస్తారు.

పూట అయిపోయాక పది నిమిషాలు కూర్చుని రిజిస్టర్ రాయండి. ఏ కౌంటర్ మారింది, ఏ లిఫ్టు చెడింది, ఎవరిని రివ్యూకి ఎప్పుడు రమ్మన్నారు (పేరు వద్దు, ఓపీ నంబరు చాలు) అన్నవి తర్వాతి రోజు వచ్చే వాలంటీర్‌కి కావాలి. పదే పదే ఎదురయ్యే ఇబ్బందుల్ని మూడు నెలలకోసారి ఒక పేజీగా రాసి సూపరింటెండెంట్‌కి ఇవ్వండి. తెలుగులో పెద్ద అక్షరాల బోర్డు పెట్టించడం, ఎక్స్‌రే గది దగ్గర రెండు బెంచీలు వేయించడం లాంటివి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులతో జరగొచ్చు, అడిగే కాగితం ఒకటి వాళ్ళ బల్ల మీద ఉండాలి.