వాడేసిన చీర రిటర్న్ వస్తే క్లెయిమ్ ఎలా పెట్టాలి?

శ్రావణమాసం ముందు చీరల ఆర్డర్లు పెరుగుతాయి, వరలక్ష్మీ వ్రతం అయిపోయాక రిటర్నులు పెరుగుతాయి. పసుపు మరక పడ్డ చీర, చెమట వాసన కొట్టే చీర, జాకెట్టు ముక్క కత్తిరించేసుకుని మిగతాది పంపిన చీర, ఒక్కోసారి అసలు మన చీరే కాదు, ఎవరిదో పాత పాలిస్టర్ చీర. కారణం దగ్గర మాత్రం "క్వాలిటీ బాలేదు" అనో "వేరే ఐటమ్ వచ్చింది" అనో పెట్టేస్తారు. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే అందరికీ ఇది తెలిసిన సంగతే. నాకు కడుపు మండేది ఎక్కడంటే, మోసపోయింది మనవాళ్ళే అయినా, నష్టం ఇవ్వమని సైట్‌కి పెట్టిన క్లెయిమ్ మాత్రం రిజెక్ట్ అవుతుంది, ఎందుకంటే ప్యాకెట్ రాగానే గబగబా చింపేసి, లోపల చూసి, కోపంతో నాలుగు ఫోటోలు తీసి అప్‌లోడ్ చేస్తారు. ఆ ఫోటోలు దేనికీ పనికిరావు. ఆ చీర ఆ ప్యాకెట్లోంచే వచ్చిందని ఆ ఫోటోలో ఎక్కడ ఉంది?

అందుకే ఇది రాస్తున్నా. నేను చీరలతో చెప్తా, కుర్తీలు, డ్రెస్ మెటీరియల్ అమ్మేవాళ్ళకి కూడా పద్ధతి ఇదే.

ముందు తప్పు మనది కాదని తేల్చుకోండి

ప్రతి రిటర్నూ మోసం కాదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, మనం పేజీలో రాసినట్టు లేకపోయినా, వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడానికి సెల్లర్‌కి వీల్లేదు. కాబట్టి పేజీలో ఏం రాశామన్నదే మన మొదటి సాక్ష్యం. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ఎనభై సెంటీమీటర్లు అని అంకెలతో రాయండి. చేనేత అయితే "మగ్గం మీద నేసింది, అక్కడక్కడా దారం ముడి, రంగులో కొద్ది తేడా ఉండొచ్చు" అని రాసి, ఆ ముడి కనపడేలా ఒక ఫోటో కూడా పెట్టండి. మంగళగిరి కాటన్‌లో చిన్న ముడి కనపడితే డ్యామేజ్ అని వెనక్కి పంపేవాళ్ళు ఉన్నారు, ఆ ఫోటో ఒక్కటి ఉంటే సగం గొడవ తగ్గుతుంది. ఫిల్టర్ వేసిన ఫోటోలు మాత్రం తీసేయండి, ఫిల్టర్ పెట్టి అమ్మినవాళ్ళకి కలర్ తేడా అన్న కస్టమర్‌ని తప్పుపట్టే హక్కు లేదు.

కావలసినవి

ఫోను, పైనుంచి కిందకి చూసేలా ఫోన్ పట్టే స్టాండు, ఒక ట్యూబ్‌లైటు, వంటింటి డిజిటల్ కాటా, కొలత టేపు, కట్టరు, నంబర్లు వేసి ఉన్న లాక్ ట్యాగులు. అంతే. బల్ల మీద తెల్ల దుప్పటి పరవండి, పూల దుప్పటి వద్దు, చీర ఎక్కడ అయిపోయిందో దుప్పటి ఎక్కడ మొదలైందో వీడియోలో తెలీదు. ట్యాగు ఎర్రదే కొనండి.

ప్యాకింగ్

ఇది తేలిక పనే, రోజూ చేసేదే. ట్యాగుని కొంగు చివర కుచ్చుల్లోంచి పోనిచ్చి లాక్ చేయండి, కుచ్చులు లేని చీరయితే అంచు చివర దారంతో చిన్న ఉచ్చు కుట్టి దానికి తగిలించండి, నేతలో మాత్రం చిల్లు పెట్టకండి. కట్టుకుంటే కొంగు మీద బయటికి కనపడే చోటే ఉండాలి, ట్యాగు తెంపకుండా ఫంక్షన్‌కి కట్టుకెళ్ళలేరు. ట్యాగు నంబరు ఆర్డర్ నంబర్ పక్కన పుస్తకంలో రాసుకోండి. "ట్యాగు లేకపోతే రిటర్న్ చెల్లదు" అని ఒక చీటీ కూడా లోపల పెట్టండి. చీర, జాకెట్టు ముక్క, ట్యాగు నంబరు, కాటా మీద బరువు, లేబుల్ అతికించడం, ఇవన్నీ ఒకే వీడియోలో రావాలి.

కొంతమంది కనపడని ఇంకు పెన్నుతో అంచు మీద గుర్తు పెడతారు, యూవీ లైటు కింద చూస్తే కనపడుతుందని. నా మాట విని ఆ పని మానేయండి. క్లెయిమ్ చూసేవాడు ఎక్కడో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని రోజుకి ఎన్నో వీడియోలు చూస్తాడు, వాడికి ఒక్క చూపులో అర్థమయ్యేది ఎర్ర ట్యాగు, దాని మీద నంబరు. సీసీ కెమెరా పెట్టుకుంటే చాలు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, సీసీ కెమెరా దొంగల్ని పట్టుకోవడానికి మంచిదే కానీ లేబుల్ మీద ఏడబ్ల్యూబీ నంబర్, అంటే కొరియర్ ట్రాకింగ్ నంబర్, దాంట్లో చదవడానికి రాదు.

రిటర్న్ తీసుకునేటప్పుడు

కొరియర్ అబ్బాయి గోనెసంచి నిండా ప్యాకెట్లు తెచ్చి, కింద పోసి, ఓటీపీ చెప్పండి మేడమ్ అని తొందరపెడతాడు. వాడి తప్పు కాదు, వాడికి ఇంకా చాలా షాపులు ఉంటాయి. కానీ మీరు లెక్కపెట్టకుండా ఓటీపీ చెప్పొద్దు. యాప్‌లో ఉన్న లిస్టుకీ కింద ఉన్న ప్యాకెట్లకీ నంబర్లు సరిపోవాలి. చిరిగినవి, వేరే టేపు వేసి అతికించినవి పక్కన పెట్టి, వాటి ఫోటో అతని ముందే తీసి, యాప్‌లో "డ్యామేజ్" అని పెట్టే వీలుంటే పెట్టించండి, లేకపోతే అతనిచ్చే కాగితం మీదే రాయండి.

అలాగే కస్టమర్ అసలు తీసుకోకుండా వెనక్కి వచ్చినవి, అంటే ఆర్టీఓ ప్యాకెట్లు, కస్టమర్ తీసుకుని వెనక్కి పంపినవి వేరు వేరు గుట్టలు పెట్టండి. ఆర్టీఓలో చీర మారిపోతే అది దారిలో జరిగింది, కస్టమర్‌ది కాదు. క్లెయిమ్‌లో ఈ రెండూ కలిపేస్తే చూడకుండానే కొట్టేస్తారు.

అసలు పని: ప్యాకెట్ తెరిచే వీడియో

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అందరూ పోగొట్టుకునేది ఇక్కడే.

ముందుగా, ఖాళీ లేనప్పుడు ప్యాకెట్ తెరవకండి. గ్యాస్ మీద పాలు పెట్టి, పక్కన పిల్లాడికి హోంవర్క్ చెప్తూ చేసే పని కాదిది. ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగిన వీడియో పోయిన వీడియోనే. వెనక కెమెరాతోనే తీయండి, ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి, నంబరు చదవడానికి ఉండదు.

మొదలుపెట్టాక ఆపకూడదు. పాజ్ లేదు, కట్ లేదు, రెండు ముక్కలు తీసి కలపడం లేదు. ముందు లేబుల్‌ని కెమెరా దగ్గరికి తెచ్చి ఫోకస్ కుదిరేదాకా కదలకుండా పట్టుకోండి, చాలామంది ఇలా చూపించి అలా లాగేస్తారు, తర్వాత ఆపి చూస్తే నంబర్ మసకమసకగా ఉంటుంది. ఏడబ్ల్యూబీ నంబర్ నోటితో గట్టిగా చదవండి. తర్వాత ప్యాకెట్ ఆరు వైపులా తిప్పి చూపించండి, ముఖ్యంగా అతికించిన అంచులు. మన టేపు మీద ఇంకో రంగు టేపు ఉంటే వేలు పెట్టి చూపించండి. తర్వాత తెరవకుండానే కాటా మీద పెట్టి అంకె కనపడేలా ఉంచండి. మీరు పంపినప్పుడు బరువు అర కిలో ఉండి ఇప్పుడు పావు కిలో ఉంటే, లోపల ఏముందో చూడకముందే సగం క్లెయిమ్ అక్కడ రాసి ఉన్నట్టు.

కోసేటప్పుడు లేబుల్ వైపు కోయొద్దు. రెండో వైపు కోయండి, లేబుల్, మొదటి సీలు అలాగే మిగలాలి. లోపల ఉన్నది బయటికి తీసేటప్పుడు చేతులు, ప్యాకెట్, చీర మూడూ ఫ్రేమ్‌లోనే ఉండాలి. ఒక్క క్షణం చీర ఫ్రేమ్ దాటి బయటికి వెళ్ళినా "అక్కడ మార్చి ఉండొచ్చు" అంటారు, అలా అంటే మన దగ్గర సమాధానం ఉండదు. ఖాళీ అయ్యాక ప్యాకెట్ లోపలి భాగం కూడా తిరగేసి చూపించి, దాన్ని బల్ల మీదే ఒక మూల కనపడేలా వదిలేయండి.

తర్వాత చీర. ట్యాగు ఉందా, ఉంటే నంబర్ పుస్తకంలోదేనా, పుస్తకం పేజీ కూడా పక్కన పెట్టి చూపించండి. ట్యాగు లేకపోతే కొంగు చివర ఖాళీ చోటు చూపించండి. వాసన వీడియోలో రాదు కదా, అందుకే కంటికి కనపడేవే వెతకాలి. ఎక్కడ వెతకాలో చెప్తా, చాలామందికి తెలీదు ఇది. కట్టిన చీరకి భుజం దగ్గర, కుచ్చిళ్ళ దగ్గర పిన్నీసులు పెడతారు. కొంగు వైపునుంచి మీటరు, మీటరున్నర లోపల చీరని ట్యూబ్‌లైటుకి అడ్డంగా ఎత్తి పట్టుకోండి, జంటగా రెండు చిన్న చిల్లులు కనపడితే అది పిన్నీసు గుర్తు, పట్టు మీద, సన్నటి కాటన్ మీద ఇది తొందరగా చెరగదు. కుచ్చిళ్ళ భాగంలో కూడా అంతే, పైగా అక్కడ నిలువు మడతలు పడి ఉంటాయి, మనం వేసిన మడత వేరు. కింది అంచు తిప్పి చూడండి, ఫాల్ కుట్టించి విప్పేసి ఉంటే అంచు పొడుగునా ఒకే దూరంలో సూది గుర్తులు, అక్కడక్కడా తెగిన దారప్పోగులు మిగులుతాయి. చివర పికో చేసి ఉంటే అసలు మాటే అక్కర్లేదు. కింద అంచులో మట్టి, జరీ మీద రాపిడి, నడుము దగ్గర చెమట గీత. వాడిన కాటన్‌లో గంజి బిగువు పోయి మెత్తబడుతుంది, అది చేతికి తెలుస్తుంది కానీ వీడియోలో తెలీదు, దాని మీద ఆధారపడొద్దు. చివరగా కొలత టేపుతో పొడుగు కొలవండి, జాకెట్టు ముక్క కత్తిరించి ఉంటే అక్కడ తేలిపోతుంది. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, కెమెరాకి దగ్గరగా పట్టుకుని, ఇది ఇదీ అని ఒక్క ముక్కలో చెప్పండి.

కస్టమర్‌ని తిట్టకండి. వీడియోలో మన గొంతు కూడా వింటారు. "చూడండి ఎంత దొంగబుద్ధో" అన్న మాట ఒక్కటి పడితే, కళ్ళముందు పిన్నీసు చిల్లు ఉన్నా వినేవాడికి మన మీద నమ్మకం తగ్గుతుంది.

ఫైల్‌ని వాట్సాప్‌లో పంపుకుని అక్కడినుంచి అప్‌లోడ్ చేయొద్దు, క్వాలిటీ పడిపోయి నంబర్లు అలుక్కుపోతాయి. కేబుల్‌తో కంప్యూటర్లోకి వేసుకోండి. సైట్ ఒప్పుకునే సైజుకి మించితే తగ్గించిన కాపీ అప్‌లోడ్ చేసి, అసలు ఫైల్ అలాగే దాచండి.

క్లెయిమ్ రాయడం

అమెజాన్‌లో దీన్ని సేఫ్-టీ క్లెయిమ్ అంటారు, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్పీఎఫ్ (సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్), మీషోలో సప్లయర్ ప్యానెల్లోంచే పెట్టాలి. గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మారుస్తూ కూడా ఉంటారు, అందుకని నియమం ఒకటే: ప్యాకెట్ తెరిచిన రోజే పెట్టేయండి, రేపు అనుకున్నది ఎల్లుండి అవుతుంది.

రాసేటప్పుడు కథ చెప్పకండి. మేము చిన్న వ్యాపారులం, అప్పు చేసి పెట్టుబడి పెట్టాం, ఇవన్నీ నిజమే కానీ అక్కడ పనికిరావు. ఆర్డర్ నంబర్, పంపిన ట్యాగు నంబర్, పంపిన బరువు, వచ్చిన బరువు, వచ్చినదాంట్లో లోపం, అది వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర కనపడుతుందో, ఇంతే. "2:10 దగ్గర కింది అంచులో ఫాల్ కుట్టు గుర్తులు, 3:05 దగ్గర భుజం మీద పిన్నీసు చిల్లులు, ట్యాగు లేదు" అని మూడు లైన్లు రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, రెండు పేజీలు రాసినవాళ్ళకి ముందే రెడీ చేసి పెట్టుకున్న జవాబు వస్తుంది. "వాడిన చీర", "వేరే చీర", "ముక్క తక్కువ" ఈ మూడింటికీ ఆప్షన్లు వేరుగా ఉంటాయి, తప్పు ఆప్షన్ నొక్కితే వీడియో ఎంత బాగున్నా లాభం లేదు.

మొదటిసారి రిజెక్ట్ అయితే వదిలేయకండి. మళ్ళీ అప్పీల్ పెట్టి, వాళ్ళు చెప్పిన కారణానికి మాత్రమే జవాబివ్వండి. లేబుల్ కనపడలేదన్నారా, ఆ సెకను దగ్గర స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. కొత్త ఆరోపణలు కలపొద్దు.

ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో సొంతంగా అమ్మేవాళ్ళకి ఈ క్లెయిమ్ దారి లేదు, అక్కడ తీర్పు చెప్పేది మీరే. "ఓపెనింగ్ వీడియో ఉంటేనే ఎక్స్చేంజ్" అని అందరూ రాస్తున్నారు, మంచిదే, కానీ డబ్బులు తీసుకోకముందే చెప్పాలి, ప్యాకెట్ అందాక చెప్తే అది అన్యాయం. కొత్త కస్టమర్‌కి ఫోన్ ఎలా పెట్టుకుని తీయాలో కూడా ఒక మెసేజ్ పంపండి, పెద్దవాళ్ళు ఒక్క చేత్తో ఫోన్, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని తీయలేరు పాపం. లోపం నిజమైతే వాదించకుండా డబ్బు తిరిగి ఇచ్చేయండి.

ఖరీదైన పట్టుచీరకి బదులు పాత గుడ్డ వచ్చింది, అప్పీల్ కూడా పోయింది అంటే పోలీస్ ఫిర్యాదు ఇవ్వొచ్చు, భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్ కిందకి వస్తుంది. అప్పుడు ఆ అసలు ఫైల్, దాన్ని తీసిన ఫోన్ రెండూ అవసరం పడతాయి, అందుకే కేసు తేలేదాకా ఫోన్ మార్చేయకండి. ఐదారు వందల చీర కోసం మాత్రం స్టేషన్ చుట్టూ తిరగొద్దు, ఆ టైములో నాలుగు ఆర్డర్లు ప్యాక్ చేసుకోవచ్చు.

వచ్చిన చీర సంగతి. డబ్బు వచ్చేదాకా దాన్ని ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, ఆ ప్యాకెట్‌తో సహా ఆర్డర్ నంబర్ రాసి విడిగా పెట్టండి, మళ్ళీ పంపమనో చూపించమనో అడగొచ్చు. అంతా తేలాక డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి, వాడినదని చెప్పి తక్కువకి అమ్మేయండి. కొత్త చీరల బీరువాలోకి మాత్రం పొరపాటున కూడా పోకూడదు. అలా పోయిన చీర ఇంకో కస్టమర్‌కి కొత్తదని వెళ్తుంది, ఆవిడ పిన్నీసు చిల్లులు చూసి రిటర్న్ పెడితే ఈసారి న్యాయం ఆవిడ వైపే ఉంటుంది.