‘అమ్నీషియా’ను విప్పి చూద్దాం

పుస్తకం తేవడం మరచిపోయిన ఓ కుర్రాడు ఒకసారి నా చేతికి చీటీ ఇచ్చాడు: ‘ఐ హ్యావ్ అమ్నీషియా, టీచర్.’ నిఘంటువులో ‘మతిమరుపు’ అని చూసి వాడేశాడు పాపం. ఒక్క ముక్క అర్థం బట్టీ పడితే ఇలాగే అవుతుంది. అందుకే ఈ మాటను ముందు విప్పి చూపిస్తాను.

ఇది గ్రీకు మాట. ముందున్న ‘అ’ అంటే లేకపోవడం. మన అజ్ఞానం, అశాంతిలో ఉన్న ‘అ’కు ఇది చుట్టమే. తర్వాత వచ్చే ‘మ్నీ’ జ్ఞాపకానికి సంబంధించింది. గ్రీకుల జ్ఞాపకశక్తి దేవత నెమోసినీ పేరు కూడా అక్కడిదే. ఇంకా వెనక్కి వెళితే, తలపు అనే అర్థమున్న ఆ ప్రాచీన ధాతువు నుంచే సంస్కృతంలో మనస్సు, మతి పుట్టాయి. అంటే మతిమరుపులోని ‘మతి’, అమ్నీషియాలోని ‘మ్నీ’ ఒకే తల్లి బిడ్డలు! ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దాని తోబుట్టువులను పక్కన రాసుకోండి. గుర్తుపెట్టుకునే చిట్కాను నెమోనిక్ అంటారు. రాసేటప్పుడు మొదట ‘ఎమ్’ ఉంటుంది, పలకం. నేరాలను మన్నించి వదిలేయడం అమ్నెస్టీ. క్రీ.పూ. 403లో అంతర్యుద్ధం ముగిశాక ఏథెన్స్ వాసులు పాత పగలు తలచుకోబోమని ఒట్టు వేసుకున్నారు. మన్నించడమంటే మరచిపోవడమే అన్న ఊహ ఆ మాటలోనే ఉంది.

ఇక వాడుక. తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటే అది అమ్నీషియా కాదు, ‘ఫర్‌గెట్‌ఫుల్’ అనండి. ధ్యాస వేరేచోట ఉంటే ‘ఆబ్సెంట్ మైండెడ్’. దెబ్బ వల్లో జబ్బు వల్లో జ్ఞాపకమే తెగిపోతే అమ్నీషియా. హెన్రీ మొలైసన్ అనే రోగికి 1953లో మూర్ఛ తగ్గించడానికి మెదడుకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ నిలిచేది కాదు. ఏళ్ల తరబడి పరీక్షించిన శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ కూడా కలిసిన ప్రతిసారీ ఆయనకు కొత్త మనిషే. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకూ బాగా వచ్చింది, నిన్న గీసిన సంగతి గుర్తు లేకుండానే. ఇలా కొత్తవి నిలవకపోతే యాంటిరోగ్రేడ్, పాతవి చెరిగిపోతే రెట్రోగ్రేడ్.

మొలైసన్ కథ విన్నాక మా కుర్రాడు చీటీ వెనక్కి తీసుకుని, కొట్టేసి, మళ్లీ రాసిచ్చాడు: ‘ఐ ఫర్‌గాట్ మై బుక్.’