ఫీల్డ్‌వర్క్‌కి బస్తీలో దిగుతున్నారా, మీ గురించి కూడా రాసుకోండి

సోషియాలజీలో కొత్తగా చేరినవాళ్లు, జనం మధ్యకెళ్లి వాళ్ల బతుకు తెలుసుకునే ఈ ఫీల్డ్‌వర్క్‌లో ఎవరికీ అంటకుండా ఓ పక్కన నిలబడి నోట్స్ రాసుకోవచ్చు అనుకుంటారు, అది అయ్యే పని కాదు. అందుకని ముందు అక్కడే ఓ గది చూసుకోండి. 1930ల్లో విలియం ఫుట్ వైట్ అనే అమెరికన్ సోషియాలజిస్టు బోస్టన్‌లో నార్త్ ఎండ్ అనే ఇటాలియన్ల బస్తీలో రెస్టారెంట్ నడుపుకునే ఇటాలియన్ కుటుంబంతోనే ఉండి, వాళ్ల భాష కూడా నేర్చుకున్నాడు.

మొదట్లో ప్రశ్నలు తగ్గించండి. వైట్ ఓసారి జూదం వ్యాపారం చేసే ఒకాయన కబుర్లు చెప్తుంటే మధ్యలో దూరి, అయితే పోలీసులకి మామూళ్లు ముట్టేవన్నమాట అనేశాడు, ఆయన నోరు తెరిచి అలా ఉండిపోయి, అబ్బే అలాంటిదేం లేదని టాపిక్ మార్చేశాడు. వైట్‌ని వెంట తిప్పుకునే డాక్ అనే ఆ బస్తీ కుర్రాడు మర్నాడు చెప్పిందేంటంటే, ఊరికే కూర్చో, అడక్కుండానే అన్నీ తెలుస్తాయి అని.

అలాగని వాళ్లలా నటించొద్దు. కలిసిపోదామని వైట్ బూతులు మాట్లాడితే వాళ్లే ఆగిపోయి, నీ నోట్లోంచి ఆ మాటలేంటి అన్నారట. ఇంకో పక్క, ఎలక్షన్ రోజు గుంపుతో కలిసి నాలుగుసార్లు ఓటు కూడా వేశాడు, తర్వాత తనే రాసుకున్నాడు!

అసలు డేంజర్ మాట అటూ ఇటూ మోయడంలో ఉంది. సుధీర్ వెంకటేశ్ అనే సోషియాలజిస్టు చికాగోలో పేదవాళ్లకి ప్రభుత్వం కట్టిన రాబర్ట్ టేలర్ హోమ్స్ అపార్ట్‌మెంట్లలో, ఇంట్లో మిఠాయిలు అమ్మేవాళ్లు, కార్లు రిపేర్ చేసేవాళ్లు ఎంత సంపాదిస్తారో కనుక్కుని, లెక్క సరిపోయిందో లేదో చూసుకుందామని గ్యాంగ్ లీడర్‌కి చూపించాడు. ఇంకేముంది, దాచుకున్నదాంట్లో వాటా ఇమ్మని గ్యాంగ్ వాళ్ల మీద పడింది. పాపం వెంకటేశ్ ఉద్దేశం చెడ్డది కాదు, కానీ ఆ డబ్బు తిరిగొస్తుందా? కాబట్టి ఒకళ్ల దగ్గర విన్నది ఇంకొకళ్ల దగ్గర చెక్ చేయకండి, పెద్దమనిషి దగ్గరైతే అసలొద్దు.

నోట్‌బుక్‌లో రోజూ ఓ పేజీ మీకోసం వదలండి: ఇవాళ ఎవరికి అప్పిచ్చా, ఎవరింట్లో తిన్నా, ఎవరి మీద కోపమొచ్చింది, ఏ గొడవలో ఎవరి వైపు మాట్లాడా. నెల తర్వాత చదివితే మీరు ఎవరి మనిషై పోయారో కనబడుతుంది. నోట్స్‌లో అసలు పేర్లు మాత్రం వద్దు, అమెరికాలో రిక్ స్కార్స్ అనే సోషియాలజీ స్టూడెంట్ తనకి నమ్మి చెప్పినవి కోర్టు అడిగినా బయటపెట్టనన్నందుకు 1993లో 159 రోజులు జైల్లో ఉన్నాడు.

వచ్చేసేటప్పుడు చెప్పి రండి, మాయమైపోకండి. రాసింది అచ్చుకి ముందే వాళ్లకి చదివి వినిపించండి, న్యూయార్క్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లకి మిచెల్ డ్యునియర్ అనే సోషియాలజిస్టు అలాగే వినిపించాడు.